ఏ కొచ్చి?

మైథిలికి ఆ శుక్రవారం పొద్దున్నుంచీ కాలు ఒకచోట నిలవడం లేదు. ఆమె మొగుడు అభిలాష్ విదేశంలో, క్లాండాల్కిన్ అనే ఊళ్ళో ఉన్న వైద్య పరికరాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. మూడు రోజుల కిందట అక్కడ తీసిన లాటరీలో, కొచ్చి వెళ్ళిరావడానికి ఇద్దరికి విమానం టిక్కెట్లు అతనికి తగిలాయి. ఆ శుక్రవారం పగలు పన్నెండు లోపల పేర్లు పంపాలి, వద్దనుకుంటే పెద్ద టీవీ ఇస్తారు. పనిచేసే గదిలోకి ఫోను తీసుకెళ్ళనివ్వరు కనక ఫారం నింపడం ఆమెకు అప్పగించి వెళ్ళాడు.

కొచ్చి అనగానే అభిలాష్‌కు కేరళ తప్ప ఇంకోటి తోచలేదు. గుంటూరులో అక్క భ్రమరాంబకు వెంటనే ఫోన్ చేశాడు. అక్కాబావా, పిల్లలు, పిన్నీ బాబాయీ, మొత్తం పదిమందికి పడవ ఇల్లు మాట్లాడమన్నాడు. పెళ్ళయిన ఆరేళ్ళలో వాళ్ళ సెలవులన్నీ ఈ జాతరలే. ఊటీ వెళ్ళి మైథిలి చూసొచ్చింది వంటగది కిటికీ. ఈ జాతరలన్నిటికీ మూలం వదిన భ్రమరాంబేనని ఆమె నమ్మకం.

ఫారంతో వచ్చిన కాగితం పూర్తిగా చదివింది మాత్రం మైథిలే. చదివి కుర్చీలోంచి లేచిపోయింది. ఫ్యాక్టరీ సరుకు కొనే జపాన్ సంస్థ ఇచ్చిన బహుమతి అది. ఇంగ్లీషులో స్పెల్లింగు ఒకటే గానీ, ఈ కొచ్చి జపాన్‌లో సముద్రం పక్కనున్న చిన్న నగరం!

నోరు విప్పితే, అక్కావాళ్ళు లేని ప్రయాణం వద్దని అభిలాష్ టీవీయే తెస్తాడు. అందుకని నోరు కట్టేసుకుని మూడు రోజులు ఫోనులోనే ఆ ఊళ్ళో కాపురం చేసింది. నడివీధిలో ఇక్కడి మన లువాస్ బళ్ళలాగా ట్రాములు. గుట్ట మీద కోట, లోపల నిచ్చెనలాంటి చెక్కమెట్లు. కోట కింది వీధిలో ప్రతి ఆదివారం సంత. అల్లం, కత్తులు, పూలమొక్కలు, వాటి మధ్య వేడివేడి చిలగడదుంప బజ్జీలు! జపాన్‌లో బజ్జీలేమిటని ఆమెకు నవ్వాగలేదు. గడ్డిమంట మీద కాల్చే చేపలు సరేసరి. ఊరి నడుమ ఎర్ర వంతెన ఒకటుంది. అదెంత చిన్నదంటే, చూడ్డానికొచ్చినవాళ్ళు ఇంతేనా అని పెదవి విరుస్తారట. ఆ పెదవి విరిచే భాగ్యం కూడా తనకు కావాలి.

పదకొండున్నరకు రెండు పేర్లూ నింపింది. మొగుణ్ణి మోసం చేస్తున్నానా అనుకుంది. చేస్తున్నాను అని తనే జవాబు చెప్పుకుని పంపేసింది. లాటరీ నడిపే మార్తా ఇక్కడివాళ్ళు సరే అనడానికి వాడే 'గ్రాండ్' అన్న మాటతో తిరుగు కబురు పెట్టింది.

శుక్రవారం గనక అభిలాష్ మూడింటికే ఆడమ్స్‌టౌన్‌లోని తమ ఇంటికి వచ్చాడు. బూట్లు విప్పకముందే చెప్పేసింది. అతను మెట్ల మీద కూలబడ్డాడు.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మీరు టీవీ తెచ్చేవారు. నాకు ఒక్కసారైనా వండకుండా ఊరు చూడాలనుందండీ."

అతను సరేనన్నాడు. కానీ అక్క నొచ్చుకుంటే మాత్రం ప్రయాణం లేదని తేల్చేశాడు. స్పీకర్ పెట్టి, నీళ్ళు నములుతూ అక్కకు సంగతంతా చెప్పాడు. మైథిలి ఫోనుకు దగ్గరగా జరిగింది.

"అయితే పడవిల్లు లేనట్టేనా?" అంది భ్రమరాంబ.

"లేనట్టే అక్కా."

"అమ్మయ్య. పదిమందికి ఆ పడవలో ఎట్టా వండాలా అని మూడ్రోజుల్నించీ నిద్ర లేదురా నాకు. మైథిలీ, ఉన్నావా? నువ్వెళ్ళిరామ్మా. ఈసారికి నేనూ ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటా."