మిద్దె మీద ఎర్రచీర

యుద్ధం ముగిసిన ఏడాది భాద్రపదం అది. మూడు రోజులుగా ముసురు వదల్లేదు. వంకపల్లెలో నరసమ్మ పొయ్యి ముందు కూర్చుని తడి కట్టెలను ఊదుతుండగా ఊరి పై కొస నుంచి తప్పెట మోగింది.

"ఆదీ! దండోరా నాయనా!"

ఆమె కొడుకు ఆదినారాయణ అప్పటికే తలగుడ్డ చుట్టుకుంటున్నాడు. కోడలు సుగుణమ్మ వీధి తలుపు గడియ వేసింది.

రెండేళ్లుగా ఆ ఊళ్లో తప్పెట మోగిందంటే లెవీ వాళ్లు వచ్చారనే అర్థం. తిండికి ఇంత, విత్తనాలకు ఇంత అని వదిలి, తక్కిన జొన్నలన్నీ సర్కారుకు కొలుచుకుపోతారు. వాళ్లు వదిలింది ఏ ఇంట్లోనూ ఉగాది దాకా వచ్చింది లేదు. దానికితోడు నిరుడు కిరసనాయిలు పంచుతారని దండోరా వేయించారు. జనం సీసాలు పట్టుకుని తలుపులు తీయగానే లోపలికి జొరబడి గాదెలు కొలిచారు. అప్పటి నుంచి తప్పెట చప్పుడు వినడమే గానీ, ఆ తర్వాత వచ్చే మాట ఎవరూ వినడం లేదు.

ఊరికి దిగువన పారే వంక అవతల, కుందూ ఏటికీ వంకకూ నడుమ వాళ్ల తోట ఉంది. ఆదినారాయణ గోతాలు బండికెత్తుకుని పోయి అక్కడి కొట్టంలో దాచేవాడు. లెవీ వాళ్లు ఊళ్లో ఉన్నంతసేపూ నరసమ్మ మిద్దె మీద తన ఎర్రచీర కట్టి ఉంచేది. చీర ఉంటే రావద్దని, దించితే రమ్మని. ఆ ఉపాయం నరసమ్మదే.

"వానలో చీర ఆరేసిందేందని ఎవరన్నా అడిగితే?" అన్నాడు ఆదినారాయణ గోతం భుజానికెత్తుకుంటూ.

"మా అత్తకు మతి చలించిందని చెప్తాలే. నమ్ముతారు," అంది సుగుణమ్మ.

నరసమ్మ నవ్వలేదు. ఎవరు గడప దాటినా ఆమెకు భయమే. మొగుడు నంద్యాల సంతకు పోయి కలరా తగిలి అక్కడే పోయాడు. పెద్దకొడుకు పటాలంలో చేరి డోన్‌లో రైలెక్కాడు. బర్మా నుంచి కాగితం వచ్చింది గానీ వాడు రాలేదు. మిగిలింది వీడొక్కడు.

"వంకలో నీళ్లు చూసుకో నాయనా."

"పొద్దున మోకాటి లోతు కూడా లేవమ్మా. నువ్వు చీర మరవాకు."

బండి దొడ్డిదారిన పోయింది. నరసమ్మ నిచ్చెనెక్కి, రెండు గుంజలకు చీర బిగించి కట్టింది. అరమైలు దూరాన బండి వంక దాటి తోటలోకి పోవడం చూశాక ఊపిరి పీల్చుకుంది.

అప్పటికి తప్పెట వాళ్ల వీధిలోకి వచ్చింది. తడిసిన తోలు మొద్దుగా మోగుతోంది. దండోరా వేసే దేవసహాయం మూసిన తలుపుల ముందు నిలబడి అరుస్తున్నాడు.

"లెవీ కాదప్పా! నంద్యాల కాడ కుందూ పొంగింది. పైన చెరువులు తెగినాయంట. ఆళ్లగడ్డ నుంచి జవాను వచ్చి చెప్పిపోయినాడు. గుడిమెట్ట ఎక్కండి!"

"పోయినసారి కిరసనాయిలు, ఈసారి కుందూనా?" ఒక తలుపు వెనక నుంచి ఎవరో అన్నారు. "ఆ నీళ్లు కూడా మా జొన్నలు కొలుస్తాయేమో అడిగి రాపో!"

లోపల నవ్వులు వినిపించాయి. దేవసహాయం తలుపు మీద అరచేత్తో బాదాడు. నరసమ్మ పైనుంచి వంగింది.

"దేవసహాయం, నీ బిడ్డల మీద ఒట్టేసి చెప్పు."

"నా బిడ్డల్ని మెట్ట ఎక్కించినాకే తప్పెట పట్టుకున్నానమ్మా. లెవీ అయితే ఎక్కిస్తానా?"

అతని ముఖం చూసి నరసమ్మ నమ్మింది. సుగుణమ్మ ఇద్దరు పిల్లల్నీ తీసుకుని వీధిలోకి వచ్చి, "అత్తా, బేగా దిగు!" అని కేక వేసింది.

"మీరు పొండి. వాడు అవతల ఉండాడు. వాడు వస్తే వస్తా."

ఒక్కొక్క తలుపే తెరుచుకుంది. జనం మెట్ట వైపు పరుగెత్తారు. వంక వైపు పొమ్మంటే పోయేవాడు ఒక్కడూ కనబడలేదు. నరసమ్మ "ఆదీ!" అని గొంతు చించుకుని అరిచింది. ఎదురుగాలి ఆ అరుపును ఆమె నోట్లోకే తోసింది.

చీర అలాగే ఉంటే వాడు తోటలోనే కూర్చుంటాడు, వెనక నుంచి కుందూ వస్తుంది. దించితే వచ్చేస్తాడు. వంకలో ఇంకా రాళ్లు తేలి కనిపిస్తున్నాయి. బండి దాటడానికి ఎంతసేపు? వరద వస్తోందని చెప్పడానికి ఏ గుర్తూ వాళ్లు పెట్టుకోలేదు.

ఆమె చీర విప్పి చంకలో పెట్టుకుంది.

ఆదినారాయణ చూశాడు. ఎద్దుల్ని బండికి కట్టాడు. కట్టి, కొట్టంలోకి పోయి ఒక గోతం తెచ్చి బండిలో వేశాడు. మళ్లీ లోపలికి పోయాడు. చీర దించితే లెవీ వాళ్లు పోయినట్టు, జొన్నలు ఇంటికి చేర్చాలి కదా. నరసమ్మకు ఆ సంగతి అప్పటిదాకా తట్టలేదు.

"వదిలేయ్ నాయనా! వదిలేసి రా!"

ఆఖరి గోతం వేసి, దాని మీద తాటాకు చాప కప్పి, తాడు బిగించి మరీ కదిలాడు. అంతలో వంక రంగు మారింది. కుందూ ఎగదన్నిన ఎర్రనీళ్లు కింది నుంచి పైకి ఎక్కుతున్నాయి. రాళ్లు కనబడడం లేదు. వాడిని అవతలి ఒడ్డునే ఆపాలనుకుంది నరసమ్మ. చంకలోని చీర మడత విప్పి, రెండు చేతులా పట్టుకుని తలపైకెత్తింది.

అప్పటికే ఎద్దులు నీళ్లలో దిగాయి. వంక నడుమ ఆదినారాయణ తలెత్తి మిద్దె వైపు చూశాడు. పగ్గం లాగాడు. బండి నిలిచింది.

అమ్మ రావద్దంటోంది.

ఎంతసేపు నిలిచిందో ఆమెకు తెలియలేదు. పై నుంచి వంక వెంట మరో వరద వచ్చి బండిని పక్కకు తిప్పింది.

పొద్దుగూకేలోగా నీళ్లు ఊరి కింది వీధి దాకా వచ్చి ఆగాయి. మిద్దె నిలిచింది. మూడో రోజున ఆదినారాయణ రెండు మైళ్ల కింద తుమ్మచెట్లలో దొరికాడు.

పది రోజులు పోయాక నంద్యాల నుంచి ఒక ఆఫీసరు వచ్చాడు. చావడిలో కుర్చీ వేయించుకుని పోయినవాళ్ల ఇళ్లవాళ్లను పిలిపించాడు. నరసమ్మ, సుగుణమ్మ కింద కూర్చున్నారు.

"దండోరా మీ ఇంటికి అందిందా?"

"అందింది సామీ."

"నీళ్లు రాకముందేనా?"

"ముందే అందింది."

ఆయన రాసుకున్నాడు. పక్కతోట రంగయ్యను కూడా పిలిచారు. అతనూ ఆ రోజు జొన్నలు దాచబోయి, చింతచెట్టెక్కి బతికాడు.

"నా కండ్లతో చూసినాను సామీ," అన్నాడు రంగయ్య. "వంక నడిమికి వచ్చి బండి నిలిపినాడు. ఇంకో పది బారలు తోలుంటే ఒడ్డెక్కేటోడు. ఎందుకు నిలిపినాడో ఆ దేవునికే తెలియాల."

"ఎద్దులు బెదిరి ఉంటాయి," అని ఆఫీసరు అదీ రాసుకోబోయాడు.

"ఎద్దులు బెదరలేదు సామీ," అంది నరసమ్మ. "నేనే నిలిపినాను."

ఆఫీసరు పక్కన నిలబడిన ఊరి కరణం వైపు చూశాడు.

"కొడుకు పోయిన దుఃఖం సార్. ఏమేమో అంటుంది," అన్నాడు కరణం.

ఆఫీసరు తల ఊపి పుస్తకం మూశాడు.

సుగుణమ్మకు మాత్రం అర్థమైంది. అత్త వైపు తిరిగి చూసింది. ఆ రోజు నుంచి అన్నం పెట్టి, నీళ్ల చెంబు పక్కన ఉంచేది గానీ మాట్లాడేది కాదు. తిట్టినా బాగుండుననుకుంది నరసమ్మ.

నెల తిరక్కముందే చాగలమర్రి నుంచి సుగుణమ్మ తమ్ముడు శేషయ్య బండి తోలుకొచ్చాడు. మూట, పిల్లలు ఎక్కారు. చిన్నది బండి వెనక కమ్మీ పట్టుకుని, "అవ్వా, నువ్వు రావా?" అని అడిగింది.

నరసమ్మ దాని కాలు ఒకసారి పట్టుకుని వదిలింది. మళ్లీ ఎప్పుడొస్తారని అడగలేదు.

"శేషయ్యా," అంది. "వంకలో దిగినాక యాడా నిలపాకు నాయనా. వెనక నుంచి ఎవురు పిలిచినా సరే."

"నిలపనులే అత్తా," అన్నాడు శేషయ్య.

బండి నిలవకుండానే దాటింది.