చెవితో ఎంచిన బడి

1958 జూలై 14, సోమవారం. నేతగాడు సిద్దిరాములు సుల్తానాబాద్ దాపున ఒక ఊళ్లో, బడి వెనక ఇల్లు కిరాయికి తీసుకుని మగ్గానికి గుంట తవ్వాడు.

సొంత ఊళ్లో బడి లేదు. కూతురు లస్మవ్వ చదువు కోసం మూడు ఊళ్లు తిరిగాడు. మగ్గం చప్పుడును బట్టి నేత ఎలా సాగుతోందో వీధిలోంచే చెప్పగలడు. బళ్లనూ అలాగే గోడ బయట నిలబడి విన్నాడు. రెండు ఊళ్లలో చప్పుడు లేదు. ఇక్కడ పందొమ్మిదో ఎక్కం ఆగకుండా వినిపించింది.

గుంట తవ్విన మరునాడు లస్మవ్వను బడికి తీసుకుపోయాడు. ఐదో తరగతి పిల్ల ఒకతె బెత్తం పట్టుకుని ఎక్కం చెప్పిస్తోంది.

“సారేడి బిడ్డా?”

“బడి తెరిచిన కాన్నుంచి రాలే. నేనే జెప్తున్న.”

భార్య కమలవ్వ మిగతా రెండు ఊళ్ల సంగతి కనుక్కుంది.

“గాడ సార్లున్నరట. పిల్లలు సప్పుడు జెయ్యకుంట పలకల మీద రాస్తున్నరట. మంచిగ ఇన్నవు పో! గుంట పూడుస్తవా మరి?”

“జర ఆగు. సారొస్తడు.”

దసరా సెలవులు అయిపోయాయి. మగ్గం గుంటలో కూర్చున్న సిద్దిరాములుకు పందొమ్మిదో ఎక్కం వినిపించింది. చెప్పిస్తున్నది లస్మవ్వ. సారు రాలేదు.