రోగి సహకరించలేదు

నెలలు నిండిన కోడలు ఆరిన బట్టలు మడతపెడుతుంటే అత్తగారు పక్కకొచ్చి కూర్చుంది. "ఈసారైనా ఆపరేషన్ గదిలో కేకలు పెట్టి మన పరువు తీయకమ్మా" అంది.

కోడలి చేతిలో గౌను అలాగే ఉండిపోయింది. పెద్దది పుట్టి మూడేళ్లయింది. ఆ రోజు వెన్నుకి మత్తుసూది ఇచ్చారు, నడుము కింద ఏమీ తెలియదన్నారు. కత్తి తగిలినప్పుడు ఆమెకు తెలిసింది. లాగుతున్నట్టు కాదు, కోస్తున్నట్టే. "తెలుస్తోంది, ఆపండి" అంది. "అది నొప్పి కాదమ్మా, ఒత్తిడి" అంది తెర అవతల ఒక గొంతు. ఎవరో భుజాలు అదిమిపట్టారు. తన అరుపులో బిడ్డ తొలి ఏడుపు కూడా ఆమె చెవిన పడలేదు. ఇంటికొచ్చాక చెబితే, "మత్తులో కలగని ఉంటావులే" అంది అత్తగారు. "లోకంలో నువ్వొక్కదానివే కన్నావా?" అన్నాడు భర్త. ఇంతమంది కాదంటుంటే ఆమెకు తన మీద తనకే అనుమానం వచ్చింది. ఒంటికి మాత్రం ఏ అనుమానమూ లేదు. స్కూల్లో పాఠం చెబుతుండగా వెనకనుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే చాలు, నోట మాట పడిపోయేది. వెల్లకిలా పడుకోవడం ఎప్పుడో మానేసింది. రెండోసారి కడుపు పండాక కూరగాయలు తరుగుతున్నా ఆ చప్పుడు తన పొట్టలోంచి వస్తున్నట్టుండేది. అయినా వేళకి అందరికీ వండిపెట్టింది, బడికీ వెళ్లింది. భయపడడానికే ఆమెకు ఎవరూ సెలవివ్వలేదు.

మర్నాడు ఆసుపత్రిలో మత్తు డాక్టరు, జుట్టు నెరిసిన మనిషి, ఒక్కొక్కటే అడుగుతూ వచ్చింది. జవాబులన్నీ భర్తే చెప్పాడు.

"పోయినసారి మత్తు బాగా పట్టిందా?"

"ఏ ఇబ్బందీ లేదండీ. మా ఆవిడ కొంచెం భయస్తురాలు, అంతే."

"నేనడిగింది ఆవిడని."

ఆమె డాక్టరు వైపు తిరిగింది. "పట్టలేదండీ. కోత అంతా తెలిసింది."

భర్త నవ్వబోయాడు. డాక్టరు పాత ఫైలు తిరగేసి ఒకచోట ఆగి, దాన్ని ఆమె వైపు తిప్పింది. మత్తు గురించి రాసిన చోట ఒక్కటే వాక్యం: రోగి సహకరించలేదు.

ఆమె దాన్ని రెండుసార్లు చదువుకుంది. కలలు ఫైలుకెక్కవు.

"ఒక్కోసారి మత్తు పూర్తిగా పట్టదమ్మా" అంది డాక్టరు. "అందుకే ముందు చల్లటిది ఆనించి చూస్తాం. చల్లదనం తెలిస్తే మత్తు పట్టనట్టే, చెప్పు. మళ్లీ మత్తిస్తాం, లేదంటే పూర్తిగా నిద్రపుచ్చుతాం."

"మధ్యలో చెప్పినా ఆపుతారా?"

"ఆపుతాను."

"ఆ మాట ఫైల్లో రాయండి."

"డాక్టరుగారితో ఏంటా మాటలు?" భర్త గొంతు తగ్గించి కసిరాడు. డాక్టరు మాత్రం రాసింది. సంతకానికి అతను అలవాటుగా చెయ్యి చాచాడు. ఆమె కాగితం తన ముందుకు లాక్కుని తానే సంతకం పెట్టింది.

ఆపరేషన్ రోజు మంచుముక్క కుడివైపు ఆనిస్తే ఏమీ తెలియలేదు. ఎడమవైపు ఆనించగానే ఒళ్లు జలదరించింది. ఒత్తిడమ్మా, ఒత్తిడి అంటూ పాత గొంతు చెవిలో గింగురుమంటూనే ఉంది.

"తెలుస్తోంది" అంది, తనకే సరిగా వినపడనంత మెల్లగా.

"ఆగండి!" అంది మత్తు డాక్టరు.

గదిలో అందరి చేతులూ ఆగాయి. మళ్లీ మత్తిచ్చారు, మళ్లీ మంచు ఆనించారు. ఆమె తెలియట్లేదని చెప్పాకే కత్తి అందుకున్నారు. కాసేపటికి ఒక ఏడుపు వినపడింది. అది తనది కాదని గ్రహించడానికి ఆమెకు కొంతసేపు పట్టింది.

సాయంత్రం అత్తగారు మంచం పక్కన బిడ్డను పట్టుకుని కూర్చుంది. కోడలివైపు వంగి అడిగింది.

"నువ్వు తెలుస్తోందంటే... నిజంగానే ఆగారా?"

"ఆగారత్తయ్యా."

అత్తగారు తలెత్తి, గుమ్మం దగ్గర ఫోనులో అందరికీ కబురు చెబుతున్న కొడుకుని చూసింది. ఆవిడ చెయ్యి తెలియకుండానే పొత్తికడుపు మీదకు వెళ్లింది.

"వీడు పుట్టినప్పుడు నేనూ చెప్పానమ్మా" అంది.