చేపల డ్రమ్ము

మా పుట్టింట్లో చేప అంటే పులుసే. మృగశిర కార్తె నాడు చేపముక్క తినకుండా మా అమ్మ ఎవర్నీ గడప దాటనిచ్చేది కాదు. అలాంటి ఇంట్లో పుట్టి, వెల్లుల్లి వాసన కూడా పడని ఇంటికి కోడలినై, ఆఖరికి గోరంత చేపపిల్లలు బతకాలని కనిపించిన గుడికల్లా దండం పెట్టాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి. నాకు మాత్రం అప్పుడు నవ్వు రాలేదు.

సంగతేమిటంటే, మా ఆయన శశికిరణ్ మంచం పట్టాడు. జ్వరం కాదు, దెబ్బ కాదు. ఆబిడ్స్‌లో కెమెరాలు బాగుచేసే దుకాణంలో మా పెళ్లికి ముందు నుంచీ పనిచేశాడు. ఫోన్లు వచ్చాక కెమెరా కొనేవాడు కరువయ్యాడు, బాగుచేయించుకునేవాడు అసలే లేడు. దసరా వెళ్లగానే యజమాని షట్టరు దించేశాడు. శశి మొదట్లో పని కోసం తిరిగాడు. తర్వాత తిరగడం మానేశాడు, ఆ తర్వాత గడ్డం గీసుకోవడం, స్నానం చేయడం కూడా మానేశాడు. పొద్దున నేను గన్‌ఫౌండ్రీలో ఆఫీసుకు వెళ్లేటప్పుడు గోడవైపు తిరిగి పడుకుని ఉండేవాడు. సాయంత్రం వచ్చేసరికి అలాగే ఉండేవాడు. డాక్టరు మాత్రలు రాశాడు. అవి వేసుకుని నిద్రపోయేవాడు, లేచి మళ్లీ గోడను చూసేవాడు. బతిమాలాను, తిట్టాను, ఓ రోజు కోపం పట్టలేక అన్నం కంచం విసిరేశాను కూడా. ఉలకలేదు, పలకలేదు. ఆ గోడే నయం, అప్పుడప్పుడు కాస్త సున్నమైనా రాల్చేది.

హాల్లో మాకొక పాత అక్వేరియం ఉంది. అందులో ఏంజెల్ చేపల జంట. ఆడది పలకరాయి మీద గుడ్లు పెట్టడం, రెండూ కలిసి వాటిని తినేయడం, ఇదే వాటి సంసారం. సంక్రాంతి వెళ్లిన వారంలో ఓ సాయంత్రం నేను తలుపు తీసేసరికి, శశి ఆ అద్దం ముందు గొంతుక్కూర్చుని ఉన్నాడు.

"రశ్మీ, ఆ చిన్న తొట్టి ఇలా తీసుకురా. మళ్లీ తినేస్తాయివి," అన్నాడు.

నా పేరు ఆ నోట విని ఎన్నాళ్లయిందో. పరుగెత్తుకెళ్లి తెచ్చాను. గుడ్లతో సహా ఆ పలకరాయిని ఎత్తి చిన్న గాజుతొట్టిలో పెట్టాడు. గుడ్లు పిల్లలయ్యాయి. ముందు రాయికి అంటుకుని తోకలాడించాయి, తర్వాత ఈదాయి. వాటికి ఉడికించిన గుడ్డుసొన వేస్తే మంచిదన్నాడు శశి. మా అత్తయ్య వసుమతి గారి ఇంట్లో కోడిగుడ్డా! ఆవిడ మామగారు ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డప్పుడు గుంటూరు వైపు నుంచి గుమాస్తాగా హైదరాబాద్ వచ్చినా, మడీ ఆచారం మాత్రం మూట విప్పకుండా తెచ్చుకున్నారు. భయపడుతూనే అడిగాను.

"పసిపిల్లల తిండికి అంటూ ముట్టూ ఏమిటే? బాల్కనీలో ఉడకబెట్టుకో. ఆ గిన్నె మాత్రం నా కంట పడనీయకు," అన్నారు అత్తయ్య.

శశి గడ్డం గీసుకున్నాడు. వేళకు లేచాడు. పిల్లలకు మేత వేశాకే కాఫీ తాగేవాడు. నేను ఆఫీసు నుంచి రాగానే, "చూడు, ఇవాళ రెక్కలు విప్పాయి," అని చెయ్యిపట్టుకు లాక్కెళ్లేవాడు. మధ్యలో తల్లిచేప చచ్చిపోయింది. ముసలిదైంది పాపం. ఇక గుడ్లు లేవు, ఉన్నవి ఈ పిల్లలే. నాకు ఒకటే లెక్క: ఇవి బతికితే మా ఆయన బతుకుతాడు. ఈ మాట ఎవరితోనూ అనలేదు గానీ, రోజూ ఇంటి మెట్లెక్కుతూ అదే అనుకునేదాన్ని.

అప్పుడు తెల్లచుక్కలు వచ్చాయి.

ఒక పిల్ల రెక్క మీద ఉప్పురవ్వంత చుక్క కనిపించింది. చూస్తుండగా మిగతావాటికీ పాకింది. ఒళ్లు దురదేమో, రాయికి రాసుకునేవి. మేత ముట్టేవి కావు. ఇద్దరం నాంపల్లి వెళ్లాం. స్టేషన్‌కు పోయే దారిలో చేపలమ్మే దుకాణం ఒకటుంది. యజమాని కిషన్‌కు శశి పాత పరిచయమే. ఫోన్‌లో ఫొటో చూసి పెదవి విరిచాడు.

"పెద్దగయినయి అంటే వేరు. గింత పిల్లలకు వచ్చినంక ఉండయి సార్. ఫికర్ జెయ్యకున్రి, అవి పారబోసి కొత్తయి తీస్కపోన్రి."

"పారబోయడానికి అవేమన్నా చల్లారిన చాయనుకున్నావా?" అని గయ్యిమన్నాడు శశి. పక్కనున్న చాయ్ హోటల్ వాళ్లు కూడా తిరిగి చూశారు. నాకైతే పండగ చేసుకోవాలనిపించింది. కోపం వచ్చిందంటే మనిషిలో ప్రాణం ఉన్నట్టే కదా.

నీలం మందు సీసా కొనుక్కుని వచ్చాం. పెద్ద చేపలకు వేసేంత పిల్లలకు వేయకూడదని, బాగా తగ్గించి చుక్కలతో వేశాడు శశి. హీటరు పెట్టి నీళ్లు కొద్దికొద్దిగా వేడెక్కించాడు. వేడికి ఆ జబ్బు పురుగులు ఒంటి మీంచి రాలి అడుగున పడతాయట. అందుకని రోజూ పొద్దున సన్నటి గొట్టంతో అడుగునీళ్లు లాగేసి, అంతే మంచినీళ్లు తిరిగి పోసేవాడు. ఆ మంచినీళ్లు బాల్కనీలో ఉన్న నీలం డ్రమ్ములోవి.

ఆ డ్రమ్ము సంగతి చెప్పాలి. నల్లా నీళ్లలో బ్లీచింగ్ ఉంటుంది. మనకు అది మంచిదే. చేపపిల్లలకు మాత్రం మొప్పలు కాల్చేస్తుంది. అందుకే శశి డ్రమ్ములో నీళ్లు పట్టి, పైన పల్చటి గుడ్డ కప్పి, రోజుల తరబడి అలా వదిలేసి, ఆ ఘాటంతా పోయాకే వాడేవాడు. అత్తయ్య దాన్ని చేపల డ్రమ్మనేవారు. అందులో చెంబు ముంచేవారు కాదు, ఇంకెవర్నీ ముంచనిచ్చేవారు కాదు. పిల్లల కోసం పక్కన పెట్టిన నీళ్లని ఆవిడకు తెలుసు. నిలవున్న నీళ్లే ఎందుకు కావాలో ఆవిడా అడగలేదు, మాకూ చెప్పాలని తోచలేదు.

మందు పనిచేసింది. చుక్కలు ఒక్కొక్కటే రాలిపోయాయి. పిల్లలు మళ్లీ మేతకు ఎగబడ్డాయి. అద్దం దగ్గర నిలబడి, "ఇవాళ నాకంటే ముందే తిన్నట్టున్నారే మీరు," అని వాటిని పలకరించే అత్తయ్యను చూసి నేను ఏడిపించేదాన్ని.

"ఏంది అత్తయ్యా, చేపలతోని గూడ చుట్టరికం కలిపిన్రా?"

"కలిపితే నీకేం పోయిందే? మనవలో మనవరాళ్లో తెలిసి చావడం లేదు గానీ," అనేవారు.

కాముని పున్నమి నాడు చంద్రగ్రహణం పడింది. చంద్రుడు గ్రహణంతోనే పొడుస్తాడని, విడుపు చీకటి పడగానే అని పంచాంగం చూసి చెప్పారు అత్తయ్య. మధ్యాహ్నానికే వంటిల్లు సర్దేసి, ఊరగాయ జాడీల మీద, పాలగిన్నె మీద, వాటర్ ఫిల్టర్ మీద దర్భపోచలు వేశారు. ఫ్రిజ్ మీద కూడా ఒకటి పెట్టారు.

"ఫ్రిజ్‌కు గూడ గ్రహణం వడ్తదా?" అన్నాను.

"పడుతుందో లేదో నీకెందుకే? దర్భేమన్నా బరువా?" అని, పిల్లల గాజుతొట్టి మూత మీద మాత్రం రెండు పోచలు వేసి, చేత్తో ఒకసారి నిమిరారు.

విడుపు కాగానే తలస్నానాలు. ముందు శశి, తర్వాత నేను. చన్నీళ్లే పోసుకోవాలన్నది ఆవిడ పట్టు. నేను బట్టలు పిండి ఆరేసుకుని వచ్చేసరికి ఇల్లంతా కడిగి, బిందెలన్నీ బోర్లించి, మళ్లీ నింపుతున్నారు అత్తయ్య. గ్రహణం సోకిన నీళ్లు ఆవిడ ఇంట్లో ఉంచరు. ప్రతి గ్రహణానికీ చూసే తంతే కనుక నేను పట్టించుకోలేదు.

మర్నాడు హోలీ. ఆఫీసు లేదు. కింద సందులో డప్పులు, కేకలు. చన్నీళ్ల స్నానంతో శశికి జలుబు చేసి ముక్కు పూర్తిగా బిగిసింది. అయినా హుషారుగానే ఉన్నాడు. జబ్బు తగ్గింది కదా, ఇక మందు పూర్తిగా తీసేయొచ్చని, ఆ పొద్దున మామూలు కంటే ఎక్కువ నీళ్లు మార్చాడు. డ్రమ్ములోంచి తోడి, గోరువెచ్చగా చేసి, పిల్లలు బెదరకుండా సన్నటి ధారగా పోశాడు.

కాఫీ గ్లాసు పూర్తికాలేదు. పిల్లలు పిచ్చెత్తినట్టు అటూ ఇటూ దూసుకుపోసాగాయి. తర్వాత పైకొచ్చి నోళ్లు తెరిచాయి. మొప్పలు టపటపా కొట్టుకుంటున్నాయి.

"మందు ఎక్కువైంది రశ్మీ. ఇన్నాళ్లూ వేసింది ఒంట్లో చేరిపోయినట్టుంది. నీళ్లు తే, పల్చన చేయాలి. త్వరగా," అన్నాడు శశి.

నేను బకెట్‌తో పరుగెత్తాను. ఇంకో బకెట్. మరో బకెట్. అన్నీ ఆ డ్రమ్ములోంచే. బ్లీచింగ్ వాసన మా ముక్కులకు రోజూ అలవాటైనదే, ఆ కంగారులో నాకు తట్టనే లేదు. పోసినకొద్దీ అవి ఇంకా గిలగిల్లాడాయి. ఒకటి పక్కకు ఒరిగింది. శశి వేలితో దాన్ని నిలబెట్టబోయాడు. మళ్లీ ఒరిగింది. "ఇంకా తే, ఇంకా తే," అంటున్నాడు. నేను తెస్తూనే ఉన్నాను. బతికించడానికి మేమిద్దరం పడ్డ తాపత్రయం అంతా ఇంతా కాదు. కింద ఎవరో రంగునీళ్లు చల్లుకుంటూ పకపకా నవ్వుతున్నారు.

ఒక్కటి మిగల్లేదు.

శశి చాలాసేపు ఆ తొట్టి ముందు కూర్చున్నాడు. ఏడవలేదు. తన రెండు చేతులూ తిప్పి చూసుకున్నాడు. "నా చెయ్యే అంత. దేన్ని ముట్టుకున్నా ఇంతే," అన్నాడు. లేచి వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

చచ్చిపోయిన పిల్లల్ని గుడ్డలో చుట్టి, ఏం చేయాలో తెలియక బాల్కనీలోకి వెళ్లాను. డ్రమ్ము మీద గుడ్డ తొలగి ఉంది. అప్పుడు తెలిసింది వాసన, గుప్పున ముక్కుకు తగిలింది. వంగి చూశాను. డ్రమ్ము లోపలి అంచులకు ఎప్పుడూ ఉండే జిగురు లేదు. కొబ్బరిపీచు పెట్టి తోమినట్టు శుభ్రంగా మెరుస్తోంది. అడుగున మిగిలిన నీళ్లు తేటగా ఉన్నాయి.

నాకు ఒళ్లు మండిపోయింది. చెప్పేస్తాను, ఇప్పుడే చెప్పేస్తాను, నీ చెయ్యి కాదు శశీ, మీ అమ్మ చెయ్యి అని. ఆవిడను ఏమన్నా అననీ, ఇల్లు ఎగిరిపోనీ, ఈయన మాత్రం ఆ గోడ దగ్గర్నుంచి లేవాలి. విసవిసా లోపలికి నడిచాను. గుమ్మంలోనే ఆగిపోయాను. అత్తయ్య అప్పటికే కొడుకు పక్కన కూర్చుని, అతని వీపు రాస్తున్నారు.

"నీ చెయ్యంటావేమిట్రా నాన్నా? నువ్వు చేసిన సేవ కన్నతల్లి కూడా చేయదు. నేనూ నాకు చేతనైంది చేశాను. గ్రహణం సోకిన నీళ్లు వాటికి ఒక్క చుక్క తగలనివ్వలేదు. మీరు స్నానాల్లో ఉండగా ఆ డ్రమ్మంతా తోడిపోసి, తోమి, నల్లా రాగానే కొత్తనీళ్లు నింపాను. గంగమ్మ తల్లికి దండం కూడా పెట్టాను. నడుం పట్టేసిందనుకో. ఇంత చేసినా దక్కలేదంటే వాటికి అంతే ఆయుష్షు. ఇందులో నీ తప్పేముంది?"

శశి ఇటు తిరిగాడు. తల్లి మొహంలోకి చూశాడు. తర్వాత గుమ్మంలో ఉన్న నన్ను చూశాడు. నా చేతిలో ఆ గుడ్డమూట ఇంకా ఉంది. అతనికి అంతా అర్థమైందని నాకు తెలిసిపోయింది.

అరిచెయ్ శశీ, అని లోపల మొత్తుకున్నాను. ఆవిడ మీదైనా సరే, నా మీదైనా సరే. ఒక్కసారి గట్టిగా అరిచెయ్.

"నడుం ఇప్పుడెలా ఉందమ్మా?" అన్నాడు శశి.

"దానికేంరా, అదే తగ్గుతుంది. నువ్వు లేచి రెండు మెతుకులు తిను. రేపు నాంపల్లి వెళ్లి ఇంకో జత తెచ్చుకో. ఈసారి వాటి నీళ్ల సంగతి పూర్తిగా నేనే చూసుకుంటాను."

"సరేనమ్మా," అన్నాడు శశి, మళ్లీ గోడవైపు తిరుగుతూ.