ఊకలో చుట్టిన మాత్ర

పురికొసకి ఆ పేరు పెట్టింది స్టేషన్ పార్సిల్ ఆఫీసులోని జనం. ముప్ఫై రెండేళ్ళు అక్కడ పెట్టెలు కట్టాడు. జేబులో పురికొస ఉండ లేకుండా అతన్ని చూసినవాళ్ళు లేరు, ఇక అసలు పేరుతో ఎవరికి పని? గాజు సామాను కట్టడంలో అతని తర్వాతే ఎవరైనా. అడుగున ఊక, చుట్టూ ఊక, మీద ఊక, వేలు దూరే సందు లేకుండా కూరి బిగించాడంటే పెట్టెని మెట్ల మీంచి దొర్లించినా లోపలి గ్లాసుకి తెలిసేది కాదు. తాను ఊకలో పెట్టింది ఒక్కటీ పగల్లేదని, రిటైరై నాలుగేళ్ళయినా, కూరగాయల కొట్టువాడికి కూడా చెబుతూ ఉంటాడు. వాడు అడిగాడా అంటే, లేదు.

అతని భార్య అదే స్టేషన్లో అనౌన్సర్. అందరూ ఆమెని మైకమ్మ అంటారు. ఏ రైలు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో ఆమె చెబితే చెవిటి ముసలాయన కూడా సరైన రైలు పెట్టె ముందు నిలబడేవాడు. ఆ రోజుల్లో రేకుల కప్పు కింద పెట్టెలు కడుతూ ఆ గొంతు వినీ వినీ, గొంతే ఇలా ఉంటే మనిషి ఎలా ఉంటుందోనని పురికొస ఓ పెట్టె భుజాన పెట్టుకుని పై అంతస్తుకి వెళ్ళి చూసొచ్చాడు. ఆ పెట్టె ఎవరిదో ఇప్పటికీ తేలలేదు. పెళ్ళయిన కొత్తలో ఒక్కసారి తన పేరు మైకులో పిలవమని బతిమాలాడు కూడా. ఆమె ససేమిరా అంది.

"మైకు ప్రయాణికులది. మీకు చెప్పాల్సింది ఇంటికొచ్చి చెబుతాను" అంది.

ఇరవయ్యారేళ్ళుగా అదే మాట మీద ఉంది. ఇంట్లో ‘ఏమండీ’, స్టేషన్లో ఏమీ లేదు.

అలాంటి గొంతు ఈ ఏడాది పాడవడం మొదలెట్టింది. ముందు బొంగురు పోయింది, తర్వాత మాట నెమ్మదించింది. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పడానికి కూర్చుని అలాగే కునికేది. ముఖం ఉబ్బింది, ఎండలో కూడా శాలువా కప్పుకునేది. రెండేళ్ళ నించీ థైరాయిడ్ మాత్ర వేసుకుంటోంది, అది బాగానే పనిచేసింది కూడా. ఇప్పుడేమో డాక్టరు రెండుసార్లు మోతాదు పెంచినా పిసరంత మార్పు లేదు.

"పెద్దాఫీసు వాళ్ళు రెండు నెలల్లో వస్తారట" అంది ఒక రోజు అన్నం ముందు కూర్చుని. "నా అనౌన్స్‌మెంటు వింటారట. బాగుంటే ఉంచుతారు, లేకపోతే రికార్డు మిషను పెట్టి నన్ను పాత ఫైళ్ళ గదికి పంపిస్తారు. ఆ గదికి కిటికీ కూడా లేదండీ."

పురికొస కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు. పైకి మాత్రం, "నేనున్నాగా, నీ మందుల సంగతి నాకొదిలెయ్" అన్నాడు. ఆ మాట ఎంత నిజమో పాపం అతనికప్పటికి తెలీదు.

మందుల పెత్తనం అతనిదే మరి. ఐదు నెలల క్రితం మైకమ్మకి మలబద్ధకం మొదలైతే డాక్టరు పీచు పొడి రాశాడు, మోకాళ్ళకి కాల్షియం, రక్తానికి ఐరన్ మాత్రా అప్పటికే ఉన్నాయి. నాలుగు డబ్బాలు, నాలుగు వేళలు. పార్సిల్ ఆఫీసు మనిషికి ఆ విడివిడి సరుకు చూస్తే ఒళ్ళు మండింది. ఒకే చోటికి వెళ్ళేవాటిని నాలుగు పెట్టెల్లో పంపే తెలివితక్కువవాడు ఎవడైనా ఉంటాడా? ఉదయం ఆరింటికి గ్లాసు తీసేవాడు. అడుగున చెంచాడు పొడి, దాని మీద మూడు మాత్రలు, వాటి మీద మరో చెంచాడు పొడి, తడిసేటన్ని నీళ్ళు. రెండు నిమిషాల్లో అది ఉబ్బి జిగురు ముద్దయ్యేది. మైకమ్మ కళ్ళు మూసుకుని గుటకేసేది. మాత్రలు ఆ బంగారు గొంతుకి గీసుకోకుండా జారిపోతాయని అతని ఆనందం. దేశాన్ని ఏలినంత గర్వంగా గ్లాసు కడిగి బోర్లించేవాడు.

ఫైళ్ళ గది మాట విన్న మర్నాడు పొద్దున్నే మందుల షాపుకి వెళ్ళి పీచు పొడి పెద్ద డబ్బా ఇమ్మన్నాడు. ఇంకో చెంచా పెంచుదామని అతని ప్లాను. షాపులో ఉండే అమ్మాయి చీటీ చూసి డబ్బా తియ్యకుండా ఆగింది.

"బాబాయ్ గారూ, థైరాయిడ్ మోతాదు రెండుసార్లు పెరిగిందేంటి? పిన్నిగారు మాత్ర ఎలా వేసుకుంటున్నారు?"

"తను వేసుకోదమ్మా, నేనే కట్టిస్తాను" అన్నాడు పురికొస ఉత్సాహంగా. ఇలాంటి ప్రశ్న కోసం ఐదు నెలలుగా ఎదురు చూస్తున్నాడాయె. కౌంటరు మీది నీళ్ళ గ్లాసు ఖాళీ చేసి, పొడి ఎంత, మాత్రలు ఎక్కడ, నీళ్ళు ఎన్ని, అన్నీ చేత్తో చూపించాడు. చివర్న, "నేను ఊకలో పెట్టింది ఇంతవరకూ పగల్లేదు" అని ముగించాడు.

ఆ అమ్మాయి నవ్వాలో ఏడవాలో తెలీనట్టు చూసింది.

"అదే బాబాయ్ గారూ ఇక్కడ తంటా. ఈ పొడి కూడా ఒక రకం గింజల మీది పొట్టే. మాత్ర కడుపులో కరిగి ఒంటికి పట్టాలి. మీరేమో చుట్టూ పొట్టు పెట్టి పంపిస్తున్నారు. మందు ఆ జిగురులో చిక్కుకుని చాలావరకు అలాగే బయటికి పోతుంది. పైగా కాల్షియం, ఐరన్ కూడా థైరాయిడ్ మందుని పట్టేసుకుంటాయి. మూడు వైపులా తలుపులేశారు మీరు."

పురికొస వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాడు. ఐదు నెలలు. రోజూ ఆరింటికి, ఒక్క రోజు తప్పకుండా. భార్య గొంతు నొక్కింది ఏ రోగమో కాదు, తన చేతులే. అక్కడి స్టూలు మీద కూలబడ్డాడు.

"ఇంకా నయం, గొంతులో అడ్డం పడలేదు" అందా అమ్మాయి, గ్లాసులో నీళ్ళు నింపి ఇస్తూ. "ఈ పొడికి నీళ్ళు బాగా పట్టాలి, పెద్ద గ్లాసుడు నిండా. థైరాయిడ్ మాత్ర తెల్లారి లేవగానే ఒట్టి నీళ్ళతో, తర్వాత గంట దాకా ఏమీ వద్దు. కాల్షియం, ఐరన్ దానికి నాలుగు గంటల దూరం, అవి రెండూ కూడా వేరువేరు పూటలు. పొడి ఏ మందుకైనా రెండు గంటల ఎడం. ఇంకోటి, ఇవాళే డాక్టరు దగ్గరికి వెళ్ళండి. పెంచిన మోతాదంతా ఇప్పుడు ఒక్కసారిగా ఒంటికి పడితే గుండె దడ పట్టుకుంటుంది."

ఇంటికి వచ్చే దారంతా ఎలా చెప్పాలో అల్లుకుంటూనే ఉన్నాడు. డ్యూటీకి బయల్దేరుతున్న మైకమ్మ ఎదురుగా కనబడేసరికి అల్లిందంతా విడిపోయింది.

"నీ గొంతు పాడుచేసింది నేనే" అన్నాడు. గుక్క తిప్పుకోకుండా మొత్తం చెప్పేశాడు.

మైకమ్మ చెప్పులో పెట్టబోయిన కాలు అలాగే ఉంచి విన్నది. కోపం రాలేదా అంటే వచ్చింది, ముక్కుపుటాలు అదిరాయి. ఐదు నెలలుగా తనకి వయసైపోయిందని, ఇక తన పని అయిపోయిందని లోపల్లోపల ఏడ్చుకుంది మరి. కానీ ఎదురుగా ఉన్న మనిషి ముఖం చూస్తే తిట్టడానికి నోరు రాలేదు.

"అంటే నేను ముసలిదాన్ని కాలేదన్నమాట" అంది చివరికి, ఆ బొంగురు గొంతుతోనే. "పదండి డాక్టరు దగ్గరికి. దారిలో తిడతాను."

దారిలో తిట్టింది. తిరిగొచ్చేటప్పుడు కూడా తిట్టింది. డాక్టరు రక్తపరీక్ష చేయించి మోతాదు పాత లెక్కకి దించాడు, ఆరు వారాలకి మళ్ళీ రమ్మన్నాడు.

పురికొస వంటింటి గోడకి ఓ అట్ట వేలాడదీశాడు. ఐదున్నరకి థైరాయిడ్, మధ్యాహ్నం ఐరన్, నాలుగింటికి పెద్ద గ్లాసుడు నీళ్ళతో పొడి, రాత్రి భోజనంతో కాల్షియం. మధ్యలో ఎడమెంతో ఎర్ర సిరాతో. పురికొస రోజూ వేసుకునే బీపీ మాత్ర ఉదయం పది గంటలకి అని మైకమ్మ అడుగున చేర్చింది. "నన్ను చూసుకోవడం కాదు, మీది మర్చిపోకండి" అంది. "నేనెందుకు మర్చిపోతాను" అన్నాడతను.

మూడో వారంలో ఆమె శాలువా తీసేసింది. ఐదో వారంలో పొద్దున్నే పాలవాడితో జరిగిన గొడవ మూడిళ్ళ అవతలికి వినబడింది. పురికొస పక్క మీదే పడుకుని ఆ కేకలు చెవులారా విన్నాడు.

పెద్దాఫీసు వాళ్ళొచ్చిన రోజు అతను తొమ్మిదింటికే వెళ్ళి, పైనున్న మైకు గది కిటికీకి కనబడేలా ఒకటో ప్లాట్‌ఫారం బెంచీ మీద కూర్చున్నాడు. జేబులోని పురికొస వేలికి చుట్టడం, విప్పడం, మళ్ళీ చుట్టడం. పదింటికి స్పీకరు గరగరమంది. మూడు రైళ్ళు ఆలస్యం, రెంటికి ప్లాట్‌ఫారం మార్పు, ఒకటి రద్దు. చిక్కుముడి లాంటి ఆ కబురు మైకమ్మ ఒక్క అక్షరం తొణక్కుండా విప్పి చెప్పింది. సామాన్లు మోసుకుంటున్న జనం తలెత్తి విని, ఎవరి వైపుకి వాళ్ళు తిరిగారు. పురికొస వేలు నీలంగా మారింది, అతను చూసుకోలేదు.

ఆ తర్వాత చాలాసేపు స్పీకరు పలకలేదు. పైన ఏం జరుగుతోందోనని అతను మెట్ల వైపే చూస్తూ కూర్చున్నాడు.

పదీ నలభైకి మళ్ళీ గరగర.

"దయచేసి వినండి. ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద కూర్చున్న పురికొస గారికి మనవి. పది గంటలకు రావలసిన మీ బీపీ మాత్ర నలభై నిమిషాలు ఆలస్యంగా నడుస్తున్నది. దయచేసి ఒట్టి మంచినీళ్ళతో వేసుకోగలరు. అసౌకర్యానికి చింతిస్తున్నాము."

ప్లాట్‌ఫారం అంతా నవ్వింది. పురికొస మాత్రం నోరు తెరుచుకుని స్పీకరు వైపు చూస్తూ ఉండిపోయాడు. ఇరవయ్యారేళ్ళ తర్వాత, తన పేరు, ఆ గొంతులో.

మెట్లు దిగి వస్తున్న పెద్దాఫీసు ఆయన అతని ముందు ఆగాడు.

"కాగితం లేకుండా ఏదైనా ఒకటి చెప్పమన్నామండీ, ఇది చెప్పారు. మీరేగా పురికొస గారు? ఆ మాత్ర వేసుకోండి. రిటైరయ్యేదాకా ఆ మైకు ఆవిడదే, వేసుకోకపోతే రోజూ చెబుతారు."

పురికొస తలూపి జేబులోంచి పొట్లం తీశాడు. ఒక్క మాత్రకి మూడు మడతల కాగితం, నాలుగు వరసల పురికొస, మీద రెండు ముళ్ళు. కళ్ళనిండా నీళ్ళతో ఆ ముడి ఎంతకీ రాలేదు. చివరికి పక్కన కూర్చున్న ప్రయాణికురాలు పంటితో కొరికి విప్పి, తన నీళ్ళ సీసా కూడా అందించింది.