డెక్లన్ బౌరాన్

ఆక్లండ్ శివారు హెండర్సన్‌లోని ఐరిష్ కల్చరల్ సెంటర్‌లో నేను ఆఫీసు చూస్తాను. ఐరిష్ వాళ్ల దగ్గర తెలుగావిడకేం పని అని అడిగిన వాళ్లందరికీ ఒకటే జవాబు: హాలు బుకింగులు రాసుకోవడానికి ఐరిష్ రక్తం అక్కర్లేదు. పిల్లల డాన్సు క్లాసులు, బుధవారం వాళ్ల భాష నేర్పే క్లాసు, నెలకోసారి పాటల కచేరీ, అన్నీ నా చేతుల మీదుగానే జరుగుతాయి.

మా నాన్న సాయిలు జనగామ పక్క పల్లె నుంచి విజిట్ వీసా మీద వచ్చాడు. ఇంట్లో ఒక్కడే ఉంటే దిగులు పడిపోతున్నాడని సెంటర్‌కు వెంట తెచ్చుకునేదాన్ని. కుర్చీలు సర్దేవాడు, కప్పులు కడిగేవాడు. నలభై ఏళ్లు డప్పు కొట్టిన మనిషి. మా చుట్టుపక్కల జాతరైనా, చావైనా ఆయన రానిదే కదిలేది కాదు. ఆ సంగతి మాత్రం ఆక్లండ్‌లో నేనెవరికీ చెప్పలేదు. ఇక్కడి మనవాళ్లు కులం అడగరు, మహా మర్యాదస్తులు. ఇంటిపేరు అడుగుతారు, నాన్నగారేం చేసేవారని అడుగుతారు, మిగతాది వాళ్లే తేల్చుకుంటారు. తెలుగు సంఘం మధుసూదన్ గారు అడిగిన రోజున నా నోట్లోంచి "రిటైర్డ్ హెడ్మాస్టర్" అని వచ్చేసింది. ఆరేళ్లుగా అదే నిలబెట్టుకొస్తున్నాను.

ఆ ఆదివారం డెక్లన్ పోయి సరిగ్గా ఏడాది. సెంటర్ మొదలుపెట్టిన వాళ్లలో ఆయనొకడు. ఆయన బౌరాన్ హాలు గోడకు వేలాడుతూ ఉంటుంది. గుండ్రటి చెక్క చట్రానికి మేకతోలు బిగించి, చిన్న పుల్లతో వాయిస్తారు దాన్ని. మన డప్పుకు వరసకు తమ్ముడవుతుంది. డెక్లన్ వాళ్ల నాన్న చేసిచ్చిందట. డెక్లన్ భార్య నూలాకు ఒకటే కోరిక, ఆ సాయంత్రం పాటల్లో ఆ బౌరాన్ మోగాలని. నెల రోజులుగా కనపడ్డ వాళ్లందరికీ అదే చెబుతోంది.

మధ్యాహ్నం నేను ఫోన్లో ఉండగా వంటగదిలో గ్యాస్ వెలిగిన చప్పుడైంది. నాన్న టీ పెట్టుకుంటున్నాడు కాబోలనుకున్నాను. వెళ్లి చూస్తే నా పై ప్రాణాలు పైనే పోయాయి. నాన్న ఆ బౌరాన్‌ను మంట మీద పట్టుకుని మెల్లగా తిప్పుతున్నాడు. వాయించే ముందు డప్పును కాచడం మాకు మామూలే. నేను అరిచేలోపే తోలు టప్పున చిట్లింది, అంచు నుంచి నడిమి దాకా.

"తేమకు సల్లవడ్డది బిడ్డా. జర కాక వెడితే మంచిగ పల్కుతదనుకున్న. గింత పల్సటి తోలని ఎర్కలే."

"నిన్నెవలు ముట్టుకోమన్నరు? ఇది మనూరనుకున్నవా?" నోటికొచ్చినట్టు తిట్టాను. తల వంచుకుని విన్నాడు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు అన్నాడు.

"ఆ తల్లికి ఉన్నదున్నట్టు చెప్పు. నేను డప్పులోన్నని చెప్పు. మేకతోలు దొరికిస్తే మల్ల నేనే కట్టిస్త. నాకు రానిదేం గాదు."

చెప్పేదాన్నే. అప్పుడే నూలా కేకు డబ్బాతో లోపలికి వచ్చింది. ఆవిడ వెనకాలే మధుసూదన్ గారు, బతుకమ్మకు హాలు మాట్లాడుకోవడానికి.

నూలా చేతిలో డబ్బా బల్ల మీద పెట్టింది. బౌరాన్‌ను అందుకుని, చీలిక మీద వేలితో రాసింది. ఎవరు చేశారని అడగలేదు, నా ముఖం చూసింది అంతే.

"అరెరె, ఏమైంది నవీన గారూ?" అన్నారు మధుసూదన్ గారు.

ఆయన లేకపోతే నిజం చెప్పేదాన్నని నాకు నేను ఎన్నిసార్లో చెప్పుకున్నాను. అప్పుడు మాత్రం ఇంగ్లీషులో గబగబా అన్నాను: "మా నాన్నకు మతి సరిగా ఉండటం లేదు. ఏం చేస్తున్నాడో ఆయనకే తెలియదు. వంటపాత్ర అనుకున్నట్టున్నాడు."

నూలా ఏడ్చింది. కాసేపటికి కళ్లు తుడుచుకుని నాన్న దగ్గరకు వెళ్లి రెండు చేతులూ పట్టుకుంది. వాళ్లమ్మ కూడా చివర్లో ఇలాగే అయిందట. ఒక్కో మాటా విడదీసి, గట్టిగా, చంటిపిల్లాడితో మాట్లాడినట్టు ఆయనతో మాట్లాడింది. కుర్చీలో కూర్చోబెట్టి ఒళ్లో దుప్పటి కప్పింది. కేకు చిన్న చిన్న ముక్కలు చేసి నోటికి అందించింది. తిడితే బాగుండేది. నాన్న ముక్క నమిలి మింగి, ఏం చెప్పినవ్ బిడ్డా అన్నట్టు నా వైపు చూశాడు. నేను కిటికీ వైపు చూశాను.

మధుసూదన్ గారు మంచివారు, అదే వచ్చిన చిక్కు. కుర్చీ లాక్కుని నాన్న ఎదురుగా కూర్చున్నారు. "అమ్మాయి ఇప్పుడే చెప్పింది మాస్టారూ, మతిమరుపు వచ్చిందని. హెడ్మాస్టరుగా చేసిన మనిషికి ఎంత కష్టమండీ! ఏ స్కూల్లో చేసేవారు?"

నా రెండు అబద్ధాలూ పక్కపక్కనే, చక్కటి తెలుగులో నాన్న ముందు పరిచినట్టయింది. నాన్న తన అరచేతులు చూసుకున్నాడు. ఒక్క మాట అంటే చాలు, నా ఆరేళ్లూ గంగలో కలిసిపోతాయి. అనాలని కూడా నాకు లోపలెక్కడో ఉంది.

"యాదికి లేదు సారూ," అన్నాడు.

"పోనీ, మీ ఊరు?"

"యాదికి లేదు."

ముప్ఫై ఏళ్ల కిందటి జాతరలో ఏ దరువు తర్వాత ఏ దరువు వేశాడో చెప్పగల మనిషి. నా కోసం తన బుద్ధిని తానే లేదనేస్తున్నాడు. ఆపు నాన్నా అనాలి. కేకు డబ్బాకు మూత పెట్టాను.

మధుసూదన్ గారు జాలిగా నన్ను చూపించారు. "ఈవిడెవరో తెలుస్తోందా మాస్టారూ? ఎవరీవిడ?"

నాన్న తలెత్తి నన్ను తేరిపార చూశాడు. కళ్లు తిప్పుకోలేదు.

"ఎవలో సారూ," అన్నాడు. "నాకు ఎర్కలేదు."