కొలిమి వెలిగితే

కార్విల్ గాజు ఫ్యాక్టరీలో కొలిమి ఆర్పేసిన మరుసటి ఏడాది లైల్ వోగెల్‌కి కబురొచ్చింది. సెనేట్‌కి పోటీ చేస్తున్న వేన్ ట్రస్కాట్ ఊరికొస్తున్నాడనీ, సభలో ఆయన్ని లైలే పరిచయం చెయ్యాలనీ. బతుకంతా ఆ కొలిమి దగ్గరే చెమటోడ్చిన లైల్ పొంగిపోయాడు. ట్రస్కాట్ మాటలు అతనికి నోటికొచ్చు. బయటి దేశాల గాజు మీద గట్టి సుంకం వేస్తాడు, ఒహాయో కొలుములు మళ్లీ వెలిగిస్తాడు.

ఆ సంబరం పంచుకోవడానికి అక్క నోరీన్ షెడ్డుకి వెళ్లాడు. నోరీన్ అక్కడ కొద్దిమంది పనివాళ్లతో కిటికీలు చేయిస్తుంది. లైల్ కూతురు కూడా అక్కడే పని చేస్తోంది.

"నీ సంబరం బాగానే ఉంది గానీ, మా గాజు ఎక్కణ్ణుంచి వస్తోందో తెలుసా?" అంది నోరీన్.

"ఎక్కణ్ణుంచి?"

"మీ కొలిమి ఆరిపోయాక ఇంకెక్కణ్ణుంచి వస్తుందిరా? ఓడలో! దానిమీద సుంకం పడితే నా కిటికీ ఎవడు కొంటాడు? మొదట ఇంటికి పంపాల్సింది నీ కూతుర్నే, చివర్లో చేరింది అదే కాబట్టి."

"కొలిమి వెలిగితే మా గాజే కొనుక్కోవచ్చుగా అక్కా."

"అది వెలిగేదాకా కిటికీలకి గాలి బిగించమంటావా?"

అక్క అన్నది నిజమే. ట్రస్కాట్ అన్నదీ నిజమేననిపించింది. రెండూ నిజమెలా అవుతాయో మాత్రం లైల్‌కి అంతుపట్టలేదు.

శుక్రవారం ఫైర్ స్టేషన్‌లో చేపల వేపుడు విందు, అక్కడే సభ. వెనక వంటగదిలో ట్రస్కాట్ కాగితం పళ్లెం పట్టుకుని నిలబడే తింటున్నాడు. లైల్ ఉండబట్టలేక అడిగేశాడు.

"సార్, మీ సుంకం వల్ల మా అక్క షెడ్డు మూతపడుతుందా?"

ఆయన ఏదో తియ్యగా చెప్పి తప్పించుకుంటాడనుకున్నాడు. ట్రస్కాట్ పళ్లెం కింద పెట్టాడు.

"పడొచ్చు లైల్ గారూ. కొలిమి కూడా వెలుగుతుందో లేదో చెప్పలేను. వెలిగితే ఎక్కువమందికి పని దొరుకుతుందని నా లెక్క. ఆ లెక్క తప్పూ కావచ్చు."

"మరి సభల్లో అలా చెప్పరేం?"

"చెబితే వింటారంటారా?"

ఈలోగా పేరు పిలిచారు. లైల్ వేదికెక్కాడు. ట్రస్కాట్ మనుషులు రాసిచ్చిన మాటలు జేబులోనే ఉండిపోయాయి. ముందు వరసలో అక్క, పక్కనే కూతురు.

"ఈయన వేన్ ట్రస్కాట్ గారు. సుంకం వేస్తే మా అక్క షెడ్డు పోవచ్చని ఇప్పుడే నాతో చెప్పారు. కొలిమి సంగతీ ఖాయం కాదట. ఇది చెప్పినందుకు మెచ్చుకోవాలో తిట్టాలో నాకు తెలీడం లేదు. మీరే వినండి."

ట్రస్కాట్ మనిషి ఒకడు లైల్ చెయ్యి పట్టుకుని కిందికి లాగినంత పని చేశాడు. ట్రస్కాట్ మాత్రం మైకు అందుకుని, "ఆయన చెప్పింది నిజం," అన్నాడు. కొందరు చప్పట్లు కొట్టారు, కొందరు లేచి వెళ్లిపోయారు. ఫ్యాక్టరీ యూనియన్ మిత్రులు లైల్‌తో మాట్లాడ్డం మానేశారు. కూతురు మాత్రం వచ్చి మెడ చుట్టూ చేతులేసి కౌగిలించుకుంది. అదెందుకో కూడా అతనికి అర్థం కాలేదు.

ఎన్నికల రోజు అక్కని తన ట్రక్కులో తీసుకెళ్లాడు. ఓటు చీటీ ముందు చాలాసేపు నిలబడి, ఊరి బడి కోసం పన్ను వెయ్యాలా అన్న ప్రశ్నకి అవునని గుర్తు పెట్టి, సెనేట్ గడి ఖాళీగా వదిలేసి వచ్చాడు.

"ఎవరికేశావురా?" అంది నోరీన్, తిరిగొస్తుంటే.

"ఎవరికీ వెయ్యలేదు. నువ్వో?"

"ట్రస్కాట్‌కి."

లైల్ బ్రేకు మీద కాలేశాడు. "నీ షెడ్డు పోతుందన్నాడు కదే!"

"అన్నాడు. ఆయన మీద పోటీ చేసిన అవతలివాడు అసలు నా షెడ్డు ఊసే ఎత్తలేదు. నన్ను ముంచేవాడెవడో నాకు ముందే తెలియాలి."

"అదేం లెక్కే అక్కా?"

"నాకూ తెలీదురా. బండి పోనియ్యి, వెనకవాడు హారన్ కొడుతున్నాడు."

ట్రస్కాట్ కొద్ది ఓట్ల తేడాతో ఓడిపోయాడు. సుంకం రాలేదు, కొలిమి వెలగలేదు. నోరీన్ షెడ్డు నడుస్తూనే ఉంది. ఆ చలికాలంలో లైల్ అక్కడే గాజు కొయ్యడానికి చేరాడు. బయటి దేశం నుంచి ఓడలో వచ్చిన గాజు పలక దింపుకున్న ప్రతిసారీ, తను సంతోషించాలో ఏడవాలో తేలక, కాసేపు దాన్ని వెలుగుకెత్తి చూస్తాడు.